ఇరవై మూడో నంబరు మనిషి

నేను రిటైరైన రోజున మా డైరెక్టరు గారు శాలువా కప్పి, మైకులో ఇలా అన్నారు. "వరాలమ్మ గారు చాలా స్ట్రిక్టు. ఫైలు పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా ఊరుకునేవారు కాదు." హాలంతా నవ్వింది. నేను నవ్వలేదు. అది పొగడ్త కాదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. నేను ఎందుకు ఊరుకునేదాన్ని కాదో కూడా ఆయనకు తెలుసు. అది మాత్రం మైకులో చెప్పలేదు.

ఆయన చెప్పలేదు కాబట్టి నేను చెబుతున్నాను. డేటా గదిలో కొత్తగా చేరిన పిల్లలు కొందరు మొన్న మా ఇంటికొచ్చి, ఈ ఉద్యోగంలో నిజంగా ఏముంటుందో రాసిపెట్టమని అడిగారు. ప్రమోషన్ల గురించీ, మీటింగుల గురించీ మీకు వేరేవాళ్ళు చెబుతారు. నాకు కోపం వచ్చిన సంగతులే నేను రాస్తాను. నేను ఏమైనా నేర్చుకున్నానంటే వాటి దగ్గరే నేర్చుకున్నాను.

పేరు పెట్టే పని

నేను మొదట ఎమ్మారై టెక్నీషియన్‌ని. శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు స్కానింగ్ సెంటర్లో జనాన్ని ఆ సొరంగంలోకి పంపి, "కదలకమ్మా, అయిపోయింది, ఇంకొక్కటే" అని అబద్ధాలు చెబుతూ చాలా ఏళ్ళు గడిపాను. ఆ తర్వాత విజయనగరంలో మెదడు మీద పరిశోధన చేసే ఒక సంస్థలో డేటా చూసే ఉద్యోగం వచ్చింది. సంస్థ పేరు రాయను. వాళ్ళకు భయపడి కాదు. అలాంటివి ఇంకా ఉన్నాయి, ఒక్కదాని మీద నింద వేస్తే మిగతావన్నీ హాయిగా తప్పించుకుంటాయి.

బయటివాళ్ళు అడిగితే నా పని ఇలా చెప్పేదాన్ని. ఒక మనిషి మెదడును స్కాన్ చేస్తే ఒక్క ఫోటో రాదు, బోలెడు ముక్కలు వస్తాయి. ఏ ముక్క ఎవరిది, ఎప్పుడు తీశారు, ఏ రకం స్కాను, యంత్రంలో ఏ సెట్టింగులు పెట్టారు, ఆ మనిషి ఆడా మగా, వయసెంత, ఏ చేతివాటం, ఇదంతా ఫైళ్ళ పేర్లలోనూ పక్కన పెట్టే చిన్న పట్టికలోనూ ఉండాలి. దీనికి ప్రపంచంలో చాలామంది శాస్త్రవేత్తలు కూర్చుని ఒక పద్ధతి ఒప్పుకున్నారు. మనిషికో నంబరు, నంబరుకో ఫోల్డరు, వచ్చిన ప్రతిసారికీ అందులో ఇంకో ఫోల్డరు, ఒక్కో రకం స్కానుకు ఎక్కడైనా ఒకే పేరు. విజయనగరంలో సర్దిన ఫోల్డరును జపాన్‌లో తెరిచినా, ఎవరికీ ఫోన్ చేయనక్కర్లేకుండా అర్థం కావాలి. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు.

మా నాన్న కొత్తవలస రైల్వే యార్డులో పనిచేసేవాడు. కిరండూల్ వైపు వెళ్ళే వ్యాగన్లను అక్కడ విడదీస్తారు. లేబుల్ లేని వ్యాగన్ వస్తే ఆయన దాన్ని కదలనిచ్చేవాడు కాదు. పైవాళ్ళు ఎంత అరిచినా, "లోపలేటున్నాదో తెల్దు, ఎక్కడికి తోలీమంటారు బాబూ?" అని నిలబడేవాడు. ఈ సంగతి ఒకసారి డైరెక్టరు గారికి చెబితే, "మేడమ్, ఇది రైల్వే కాదు, రీసెర్చ్" అన్నారు. నిజమే. రైల్వే అయితే ఎవరో ఒకరి ఉద్యోగం పోయేది.

చేప నూనె మాత్ర

చేరిన కొత్తలోనే నాకు అక్కడి సంగతి అర్థమైంది. పాత టెక్నీషియన్లకు ఒక అలవాటు ఉంది. స్కాను ముందు మనిషి కుడి కణత మీద ఒక చేప నూనె మాత్రను ప్లాస్టర్‌తో అతికిస్తారు. నూనె కాబట్టి బొమ్మలో అది తెల్లగా చిక్కుడు గింజలా కనిపిస్తుంది. ఆ తర్వాత కంప్యూటర్లో ఎవరు ఎన్నిసార్లు తిప్పినా, గింజ ఉన్న వైపు కుడి. కొన్ని యంత్రాలు బొమ్మను ఎదురుగా నిలబడి చూసినట్టు దాస్తాయి, కొన్ని వెనక నుంచి చూసినట్టు దాస్తాయి. రెండూ కలిస్తే కుడి ఎడమలు తారుమారవుతాయి. అందుకే ఆ మాత్ర.

మా సంస్థలో నాకంటే ముందు పనిచేసిన కుర్రాడు ఆ తెల్లచుక్కలన్నీ తుడిచేశాడు. "మచ్చల్లా ఉన్నాయి మేడమ్, నీట్‌గా ఉంటుందని" అన్నాడు. రెండు యంత్రాల బొమ్మలు అప్పటికే ఒకే ఫోల్డర్లో కలిసిపోయాయి. ఏది కుడో ఏది ఎడమో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. నేను ఆ కుర్రాణ్ణి తిట్టలేదు. అది దేనికో అతనికి ఎవరైనా చెబితే కదా! డైరెక్టరు గారి దగ్గరికెళ్ళి సంగతి చెప్పాను. ఆయన "పోనీ, రెండు వైపులా కలిపి సగటు తీసేద్దాం" అన్నారు.

మెదడులో కుడి ఎడమలను కలిపి సగటు! మనిషి మాట మెదడులో ఒక వైపు ఉంటుందని పుస్తకాల్లో చదువుకున్న మనిషి ఆయన. ఆ పుస్తకాలు ఆయన గదిలోనే అద్దాల బీరువాలో ఉండేవి.

సొరుగులో మెదళ్ళు

ఫిట్లు వచ్చేవాళ్ళ మెదళ్ళకూ, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ మెదళ్ళకూ తేడా చూడడం మా పెద్ద ప్రాజెక్టు. రోగులు ఆసుపత్రి నుంచి వచ్చారు. ఆరోగ్యవంతుల కోసం రాజాం పక్కన రైతుల ఊళ్ళకూ, భోగాపురం దాటాక సముద్రం ఒడ్డున ఒక పల్లెకూ వ్యాన్లు పంపారు. జనం ఆ రోజు పని మానుకొని వచ్చారు. చప్పుడు చేసే సొరంగంలో ఊపిరి బిగబట్టి పడుకున్నారు. ఇచ్చిన అరటిపళ్ళూ బ్రెడ్డూ తీసుకొని వెళ్ళిపోయారు. ఇదంతా నేను చేరకముందే జరిగింది. నా చేతికి వచ్చినవి హార్డ్ డిస్కులు మాత్రమే.

వాటిని చూస్తే ఏడుపొచ్చింది. "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "సార్ చెప్పిన ఫైనల్" అని ఫోల్డర్లు. కొన్నింటి మీద మనిషి పేరు, కొన్నింటి మీద ఊరి పేరు, ఒకదాని మీద "లంచ్ తర్వాత" అని ఉంది. పాత డిస్కులు డైరెక్టరు గారి టేబుల్ సొరుగులో ఉండేవి. సొరుగు తాళం ఆయన కారు తాళాలతో పాటు ఉండేది. ఆయన ఊళ్ళో లేకపోతే వందలమంది మెదళ్ళు కూడా ఊళ్ళో లేనట్టే.

అన్నీ పద్ధతి ప్రకారం సర్ది, నలుగురికీ అందేలా పెడదామని నేను మొదటి నెలలోనే అడిగాను.

"మనం కష్టపడి సేకరించినది వేరేవాళ్ళు ఊరికే వాడేసుకుంటారా మేడమ్?" అన్నారు.

"కష్టపడింది ఎవరు సార్? వ్యాన్ ఎక్కి వచ్చినవాళ్ళు కదా."

ఆయన ఫోన్ తీసుకొని ఎవరికో చేసుకున్నారు. నేను బయటికొచ్చేశాను.

చివరికి పేపరు అచ్చువేసే పత్రికవాళ్ళు, డేటా బయటపెడితేనే వేస్తామన్నారు. అప్పుడు మాత్రం మహా తొందర. నేను సర్దడానికి టైము కావాలన్నాను. మెదడు స్కానులో ముఖం కూడా ఉంటుంది, దాన్ని కంప్యూటర్లో తిరిగి కడితే మనిషిని గుర్తుపట్టొచ్చు. అందుకే బయటపెట్టే కాపీలో ముఖాన్ని కోసేయాలి. ఏ నంబరు ఎవరిదో చెప్పే లిస్టును, మేము తాళంచెవి అనేదాన్ని, మాత్రం సంస్థలో భద్రంగా దాచాలి. ఈ రెండూ ప్రతి బడిపిల్లాడికీ అర్థమయ్యే సంగతులు. ఆయన నన్ను పక్కనపెట్టి, తన రీసెర్చ్ స్టూడెంట్ చేత రెండు రోజుల్లో పని కానిచ్చేశారు. అతను ముఖాలు కోయలేదు. తాళంచెవి మాత్రం "ప్రైవసీ" అని చెరిపేశాడు. ఏది చేయకూడదో అది చేసి, ఏది చేయాలో అది వదిలేశారు. ఇంత తిరకాసుగా చేయడానికి కూడా ఒక నేర్పు కావాలి.

పేపరు వచ్చింది. ఆరోగ్యవంతులైన మగవాళ్ళ మెదళ్ళకూ ఆడవాళ్ళ మెదళ్ళకూ ఏదో తేడా కనిపెట్టామని అందులో రాశారు. కేకు కోశారు. నాకూ ఒక ముక్క ఇచ్చారు, తిన్నాను.

హైదరాబాదు నుంచి ఫోన్

కొన్నాళ్ళకు హైదరాబాదు నుంచి ఒక రేడియాలజిస్టు ఫోన్ చేసింది. తన పరిశోధన కోసం మా డేటా దించుకొని చూస్తోందట. డైరెక్టరు గారు ఎత్తకపోతే ఆఫీసువాళ్ళు నాకు కలిపారు.

"మీ ఆరోగ్యవంతుల గ్రూపులో ఇరవై మూడో నంబరు మనిషి ఎవరండీ? ఆ మనిషికి ఎవరైనా చెప్పారా?"

"ఏమి చెప్పాలి?"

"మీరు చూడలేదా? మెదడు అడుగున పిట్యూటరీ గ్రంథి దగ్గర గడ్డ ఉంది. కేన్సరులా లేదు. కానీ పైకి పెరిగి కంటి నరాలను నొక్కుతోంది. స్కాను తీసిననాటికే అంత ఉంటే, ఇప్పటికి చూపు ఎంత పోయిందో. ఆపరేషన్ చేస్తే మిగిలిన చూపు నిలబడుతుంది. ఆలస్యమైతే పూర్తిగా పోతుంది. దయచేసి వెంటనే ఆ మనిషిని పట్టుకోండి."

ఆరోగ్యవంతుల స్కాన్లను ఒక్క డాక్టరు కూడా తెరిచి చూడలేదని నాకు అప్పుడు తెలిసింది. డైరెక్టరు గారిని అడిగితే వచ్చిన జవాబు ఇది: "ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే కదా మేడమ్, చూడడమెందుకు?" ఆరోగ్యంగా ఉన్నారని ఎవరు చెప్పారు? వాళ్ళే చెప్పారు. వాళ్ళకేం తెలుసు, మెదడు అడుగున ఏముందో? తెలుసుకోవాల్సింది మనం, యంత్రం మన దగ్గరుంది!

తాళంచెవి చెరిపేశారు కదా, ఇరవై మూడు ఎవరో తెలియదు. సొరుగు తెరిపించి, పాత డిస్కుల్లో అదే బొమ్మ కోసం ఒక్కొక్కటీ తెరిచి పోల్చుకుంటూ కూర్చున్నాను. చివరికి దొరికింది. ఫోల్డరు మీద సముద్రం ఒడ్డు పల్లె పేరు, పక్కన "ఎర్రయ్య" అని ఉంది. ఊరివాళ్ళు ముందుగా ఇచ్చిన పేర్ల లిస్టులోనూ ఉన్నాడు. ఎర్రయ్య, మగ, చేపల వేట.

"లిస్టులో నీ పేరుంది"

డైరెక్టరు గారు వ్యాన్ పంపి ఎర్రయ్యను పిలిపించారు. ఆ రోజు నేను వేరే పని మీద శ్రీకాకుళం వెళ్ళాను. సాయంత్రం తిరిగొచ్చేసరికి స్కాను అయిపోయింది, మనిషి ఇంటికి వెళ్ళిపోయాడు, డైరెక్టరు గారి ముఖం వెలిగిపోతోంది.

"చూశారా మేడమ్? క్లీన్. గడ్డా లేదు, గిడ్డా లేదు. ఆవిడేదో పొరపాటు పడింది. ఈ సంగతి ఇంతటితో క్లోజ్ చెయ్యండి."

నాకు నమ్మబుద్ధి కాలేదు. పాత బొమ్మ, కొత్త బొమ్మ పక్కపక్కన పెట్టి చూశాను. పుర్రె ఆకారమే వేరు. అసలు విషయం ముక్కు దగ్గరుంది. ఎర్రయ్య ముక్కు మామూలుగా ఉంది. ఇరవై మూడో నంబరు ముక్కుకు మాత్రం రెండు పక్కలా నల్లటి గుంతలు. లోహం ఉన్నచోట ఎమ్మారై బొమ్మ అలా చెడిపోతుంది. టెక్నీషియన్‌గా అలాంటి గుంతలు నేను కోకొల్లలుగా చూశాను. మన వైపు ఆడవాళ్ళు ముక్కుకు రెండు పక్కలా పెట్టుకునే పుడకలవి. బంగారం కాబట్టి యంత్రం లాక్కోదు. తీయించాలన్నది నియమం. తీయడానికి రాకపోతే ప్లాస్టర్ వేసి, ఆ సంగతి రాసిపెట్టి పంపాలి. అక్కడ ఎవరూ ఏమీ రాయలేదు.

"సార్, ఇది ఎర్రయ్య కాదు. ఆడమనిషి."

"అలా ఎలా అవుతుంది? అది మగవాళ్ళ గ్రూపు."

"గ్రూపు మీరు పెట్టుకున్నది సార్. ముక్కు ఆవిడది."

ఆయన తలుపు దగ్గరికి వేశారు. తర్వాత, "ఇప్పుడు దీన్ని కెలకడం అవసరమా?" అన్నారు. ఆ మాటకు నా ఒళ్ళు మండిపోయింది. ఎవరికో చూపు పోతోంది, ఈయనకు కెలకడం అవసరమా అట! ఏమన్నానో ఇక్కడ రాయను గానీ, గది బయట ఉన్నవాళ్ళకు వినపడింది.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. ముఖం కోయకుండా పెట్టడం ఘోరమైన తప్పు. ఆ తప్పు వల్లే ముక్కు కనిపించింది. ఇది విని, "చూశారా, రూల్సు పాటించకపోవడమే మేలైంది" అని ఒక పెద్దమనిషి నాతో అన్నాడు. పాటించి ఉంటే తాళంచెవి ఉండేది, పట్టికలో ముక్కుపుడకల మాట ఉండేది, డాక్టరు అప్పుడే చూసేవాడు. నేను ముక్కు వెతుక్కోవాల్సిన ఖర్మ పట్టేది కాదు.

ఇంటికో మనిషి

మర్నాడు భోగాపురం బస్సెక్కాను. అక్కడి నుంచి ఆటోలో, విమానాశ్రయం గోడ పక్కగా, పల్లెకు వెళ్ళాను. ఎర్రయ్య ఒడ్డున బోటు నీడలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. నన్ను చూసి కంగారుపడ్డాడు.

"ఏటమ్మా, నాకేటైనా ఉన్నాదా తలకాయలో?"

"నీకేమీ లేదయ్యా, నిక్షేపంగా ఉంది. నువ్వు అంతకుముందు ఎప్పుడైనా మా దగ్గర స్కాను తీయించుకున్నావా?"

"అదే సెప్పినాను కదమ్మా నిన్న! నాను ముందెప్పుడూ రానేదు, ఇదే తొలిసారని. 'నువ్వూరుకోవయ్యా, లిస్టులో నీ పేరున్నాది' అన్నారు. మరి పేరుంటే వొచ్చినట్టే గావాల అనుకున్నాను."

మనిషి ఎదురుగా నిలబడి నేను రాలేదు మొర్రో అంటే, కాగితం వచ్చాడంటోంది కాబట్టి వచ్చాడన్నారు! నేనూ ఆ బోటు నీడలోనే కూర్చున్నాను.

"మరి ఆ రోజు ఎవరొచ్చారు ఎర్రయ్యా?"

"మా ఒదినొచ్చినాది, నూకరత్నం. ఆ దినం మగోలందరం ఏటకెల్లిపోనాం. మా అన్నా నానూ ఒకే బోటు కదా. సేపలు పడతన్న రోజులమ్మా, ఎలగ మానుతాం? ఇంటికో మనిసిని పంపాలని పెద్దలు సెప్పినారు. గుడికి సున్నమేసినా, దారి బాగుసేసినా ఇంటికో మనిసే. ఇంట్లో ఎవులెల్లితే ఏటి?"

"వ్యాన్‌లో ఇంకెవరొచ్చారు?"

"యాన్ నిండా ఆడోలే."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వాళ్ళు ఎవరినీ మోసం చేయలేదు. ఊరి పని వస్తే ఇంటి నుంచి ఒకరు రావాలన్నది వాళ్ళ కట్టుబాటు. పేరు ఇంటి మగవాడిది ఇస్తారు, ఖాళీగా ఉన్నవాళ్ళు వస్తారు. మాట తప్పకుండా, ఇంటికో మనిషి చొప్పున వచ్చారు. మా వాళ్ళు ఎదురుగా చీర కట్టుకున్న మనిషిని చూస్తూ, లిస్టులో పేరు చదివి, "మగ" అని కొట్టారు. శ్రీకాకుళంలో నా మొదటి డాక్టరమ్మ ఎప్పుడూ ఒకటే చెప్పేది, బల్ల మీద మనిషిని అడుగు, కాగితాన్ని కాదు అని. ఇక్కడ అడగనక్కర్లేదు కూడా. తలెత్తి చూస్తే చాలు!

ఆ పేపరు గురించి ఆలోచించండి. మగవాళ్ళ మెదడు ఇలా, ఆడవాళ్ళ మెదడు అలా అని కనిపెట్టారే, ఆ మగవాళ్ళలో ఒక వ్యాన్ నిండా వాళ్ళ పెళ్ళాలూ వదినలూ ఉన్నారు.

నూకరత్నం

నూకరత్నం ఇంట్లోనే ఉంది. గంప నెత్తిన పెట్టుకొని భోగాపురం సంతలో చేపలమ్మే మనిషి, కొంతకాలంగా మానేసింది. నేను గుమ్మంలో నిలబడితే నన్ను చూడడానికి తలంతా తిప్పింది.

"ఓలమ్మ, సూటిగా సూత్తే అగుపడతాది మేడమ్మా. పక్కకే నేదు. సంతలో గంప పక్క నుంచి సేపలు తీసుకెల్లిపోతన్నారు, నాకు తెల్దు. మా ఆడబడుసు పక్కన నిలబడితే పలకరించనేదని మాట మానేసినాది, పొగరొచ్చినాదని. మొన్న మోటారు సైకిల్ గుద్దీసినాది. ముసిలితనం గావాల అనుకున్నాను."

ముసలితనమేమిటి! నాకంటే ఎంతో చిన్నది.

"కళ్ళ డాక్టరుకు చూపించుకోలేదా?"

"అద్దాల కొట్టుకెల్లినాను. అద్దాలిచ్చినారు. అవెట్టుకున్నా అంతే."

నేను ఆమె చేయి పట్టుకొని అన్నీ చెప్పాను. తలలో గడ్డ అనగానే, పానం పోతాదా అని అడిగింది. ప్రాణానికి కాదు, కళ్ళకు అని చెబితే, "కళ్ళు పోతే నాకు పానమెందుకమ్మా?" అంది. ఆమెను వెంటబెట్టుకొని విశాఖపట్నం తీసుకెళ్ళాం. ఎర్రయ్య వచ్చాడు, ఆమె భర్త వచ్చాడు. హైదరాబాదు రేడియాలజిస్టు అక్కడి డాక్టర్లతో ముందే మాట్లాడి ఉంచింది. ఆ అమ్మాయి ముఖం నేను ఇప్పటికీ చూడలేదు. నా ఉద్యోగంలో నేను చూడని మనుషుల్లో ఎక్కువ గౌరవం ఆమె మీదే.

ఆపరేషన్ ముక్కులోంచి చేస్తారు. పుడకలు తీయాల్సిందే. అవి చిన్నప్పుడు వాళ్ళమ్మ కుట్టించినవి, లోపల కరుచుకుపోయి ఉన్నాయి. కంసాలిని పిలిపించి కత్తిరించారు. ఆ ముక్కలను నూకరత్నం కొంగున ముడివేసుకుంది. స్కాను రోజున వాటి సంగతి ఎవరైనా అడిగారా అంటే, "ఎవులూ అడగనేదు. ముక్కు మీద తెల్ల కాగితం అంటించినారు" అంది. అంటే ఒకరు చూశారు. ప్లాస్టర్ వేసేటంత దగ్గరగా చూశారు. రాయడానికే చెయ్యి రాలేదు.

గడ్డ తీశారు. ఎదుటి చూపు నిలబడింది. పక్క చూపు కాస్త తిరిగొచ్చింది, చాలావరకు రాలేదు. స్కాను తీసిన రోజుల్లోనే పట్టుకుని ఉంటే అంత పోయేది కాదని సర్జన్ మాతో సూటిగా చెప్పాడు. నూకరత్నం మంచం మీద పడుకొని అంతా విన్నది. తర్వాత నన్ను అడిగింది.

"ఆ బొమ్మ మీకాడ ఇన్నాళ్ళూ ఉన్నాదా?"

"ఉందమ్మా."

"మరి ఎవులూ సూడనేదా?"

"లేదు."

"సూడకపోతే ఏల తీసినారు?"

పెద్ద పెద్ద సమావేశాల్లో కూర్చున్నాను, ఎందరో ప్రొఫెసర్ల ప్రసంగాలు విన్నాను. ఇంత ముఖ్యమైన ప్రశ్న ఒక్కరూ అడగలేదు.

ఒక్క గడి

తిరిగొచ్చి, ఆ వ్యాన్ రోజు వచ్చినవాళ్ళ ఇళ్ళన్నీ తిరిగాను. ఎవరి బదులు ఎవరొచ్చారో అడిగి, బొమ్మలతో పోల్చి, పట్టిక సరిచేశాను. ఆడవాళ్ళను ఆడవాళ్ళని రాశాను. వయసులు దిద్దాను. ముఖాలు కోసిన కొత్త కాపీ, తాళాలు వేసిన తాళంచెవి, అన్నీ పద్ధతి ప్రకారం తయారుచేసి డైరెక్టరు గారి ముందు పెట్టాను. మిగతా ఆరోగ్యవంతుల స్కాన్లన్నీ డాక్టర్ల చేత చూపించాలని పట్టుబట్టాను. ఆ ఒక్కటీ చేయించారు. జరిగినదానికి భయం వేసింది కాబోలు.

పట్టిక మాత్రం తాకలేదు.

"ఇది మారిస్తే పేపరే వెనక్కి తీసుకోవాలి మేడమ్. ఒక్క కాలమ్ కోసం ఇన్నేళ్ళ పని పోగొట్టుకుంటామా?"

"అబద్ధం కదా సార్ అది."

"స్టాటిస్టికల్‌గా పెద్ద తేడా రాదు లెండి."

స్టాటిస్టికల్‌గా! నూకరత్నం పక్క చూపు కూడా స్టాటిస్టికల్‌గా పెద్ద తేడా కాదు కాబోలు. నేను పత్రికవాళ్ళకు రాశాను. రచయితే అడగాలన్నారు. డేటా పెట్టిన వెబ్‌సైటువాళ్ళకు రాశాను. పెట్టినవాళ్ళే మార్చాలన్నారు. ముఖాలున్నాయి, మనుషులను గుర్తుపట్టొచ్చు అని మొత్తుకుంటే బొమ్మల్లో ముఖాలు మాత్రం కోసేశారు. పట్టిక అలాగే ఉంది. దాన్ని దించుకొని ఇంకా ఎవరెవరో లెక్కలు వేసుకుంటున్నారు. ఒక తప్పును నీట్‌గా సర్ది ప్రపంచానికి పంచిపెట్టాం. ఆ తర్వాత నాకు శాలువా కప్పారు.

పిల్లలూ, మీకు సాఫ్ట్‌వేరు నాకంటే బాగా వచ్చు. మీ ఫోల్డరు సరిగ్గా ఉందో లేదో ఇప్పుడు కంప్యూటరే చూసి పచ్చటి టిక్కు పెడుతుంది. ఆ టిక్కును చూసి మురిసిపోకండి. మన ఇరవై మూడో నంబరును పద్ధతిగా సర్దినా ఆ టిక్కు వచ్చేది. గడిలో "మగ" అని ఉంటే కంప్యూటరుకు చాలు, ఎవరికి ముక్కుపుడకలున్నాయో దానికి పట్టదు. పట్టాల్సింది మీకు. అందుకే మీకు జీతం ఇస్తున్నారు. బాసు కోప్పడితే కోప్పడనివ్వండి. నన్ను కోప్పడ్డారు, నేనేమీ అరిగిపోలేదు.

పోయిన వారం నూకరత్నం చెకప్‌కు విజయనగరం వచ్చి, మా ఇంటికి వచ్చింది. సంతకు మళ్ళీ వెళ్తోందట. గంపకు రెండు పక్కలా మనవరాళ్ళను కూర్చోబెట్టుకుంటోందట. ముక్కు బోసిగా ఉంది. టీ తాగుతూ అడిగింది.

"అయితే మేడమ్మా, నా తలకాయ బొమ్మ ఇప్పుడు దేశాలన్నీ సూస్తన్నాయా? నా పేరున్నాదా అందులో?"

"పేరు ఉండకూడదమ్మా. నంబరు ఉంటుంది."

"నంబరైతే నంబరే. ఆడమనిసినని రాసినారా?"

"రాయలేదు. ఇంకా పోట్లాడుతున్నాను."

ఆమె నా వైపు తలంతా తిప్పి చూసింది. "ఓలమ్మో! కళ్ళు పోనాయి కదా నాకు. అదైనా రాయకపోతే ఎలగ?"

ఆమెను బస్సెక్కించి వచ్చి, కంప్యూటరు తెరిచి చూశాను. ఈ రోజు పొద్దున్న మళ్ళీ చూశాను. అలాగే ఉంది. ఇరవై మూడు. మగ. ఆరోగ్యవంతుడు.